ఇద్దరం ఎక్కాల్సిన జలపాతం



కళ్ళతో చూసి చేతులతో ఆడే వీడియో గేముల గురించి రేడియోలో వింటే ఏం తెలుస్తుందని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ ఆటలు మొదట చెవినే పడ్డాయి. 1995 వేసవి సెలవులు. నరసన్నపేట దగ్గర మా ఊరి నుంచి విజయనగరంలో మా మేనత్త గారింటికి వెళ్ళాను. ఒక సాయంత్రం మా బావతో కలిసి మూడు లాంతర్ల జంక్షన్ వైపు నడుస్తుంటే, ఓ సందులో పాత దుప్పటి తెరగా కట్టిన గదిలోంచి ఏదో చప్పుడు వచ్చింది. అది సినిమా పాట కాదు, పెళ్ళి బ్యాండు కూడా కాదు. రేకు మీద గోళీలు వరసగా జారవిడిచినట్టు గలగలమంటూ, మధ్యమధ్య ఠప్పున పేలుతూ ఉంది. నేను ఆగిపోయాను. బావ నా మణికట్టు పట్టుకుని "రా, సూపిత్తాను" అని తెర ఎత్తాడు.

లోపల రెండు టీవీలు, ఒక బల్ల, బల్ల మీద పట్టినంతమంది పిల్లలు. అరగంటకి రెండు రూపాయలు, ఇద్దరు కలిసి ఆడితే మూడు. కొట్టు యజమాని చేతి గడియారం విప్పి టీవీ మీద పెట్టుకునేవాడు. ఆ టీవీలకి తగిలించిన ఆట పెట్టెల మూలం జపాన్‌లో ఉంది. అక్కడ నింటెండో కంపెనీ 1983లో ఫ్యామికామ్ అనే పెట్టెను అమ్మకానికి తెచ్చింది. ఆ కంపెనీ 1889లో క్యోటో నగరంలో పేకముక్కలు తయారుచేస్తూ మొదలైందని చాలా ఏళ్ళ తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. ఆ ఫ్యామికామ్‌కి అన్నదమ్ముల్లాంటి పెట్టెలే సమురాయ్ అనీ, మీడియా అనీ రకరకాల పేర్లతో మన ఊళ్ళకి వచ్చాయి. అయితే పేరు ఎవరికి కావాలి? మేం "టీవీ గేమ్" అనేవాళ్ళం. ఆట ఉన్న ప్లాస్టిక్ డబ్బాని "క్యాసెట్" అనేవాళ్ళం. ఆట రాకపోతే క్యాసెట్ బయటికి తీసి, ఉఫ్ అని గట్టిగా ఊది, మళ్ళీ దోపేవాళ్ళం. ఊదడం వల్ల లోపలి రేకులకి చెమ్మ తగిలి చెడుపే తప్ప మేలు లేదని ఇప్పుడు తెలుసు. తీసి మళ్ళీ పెట్టినప్పుడు రేకులు సరిగ్గా ఆనడం వల్లే ఆట వచ్చేది. అయినా ఇప్పటికీ నా నోరు ఊరుకోదు.

ఆ రోజు మేం ఆడింది కాంట్రా. ఇద్దరు సైనికులు, ఒకడిది నీలం పేంటు, ఇంకొకడిది ఎర్ర పేంటు. నాకు నీలం, బావకి ఎరుపు. తలా మూడు లైఫులు. పరిగెత్తుతూ, ఎగురుతూ, కాలుస్తూ పోవాలి. మొదటి రెండు స్టేజీలు ఎలాగో గడిచాయి. మూడో స్టేజీ జలపాతం.

ఆ జలపాతం మీకు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈవేళ నేను చెప్పాలనుకున్నదంతా అక్కడే ఉంది. మొదటి స్టేజీలో కుడివైపుకి పోతే, ఇక్కడ పైకి ఎక్కాలి. ఎదురుగా నీళ్ళు దూకుతుంటాయి. రాతి గట్టు మీంచి గట్టు మీదికి ఎగురుతూ పోవాలి. పైనుంచి బండరాళ్ళు దొర్లుతుంటాయి. వంతెనల మీద నిప్పు అటూ ఇటూ తిరుగుతుంటుంది. ఇవన్నీ తప్పించుకోవచ్చు. అసలు చిక్కు వేరే. ఇద్దరిలో ఎవడు ముందు పైకి ఎగిరితే టీవీ తెర వాడితో పాటే పైకి జరుగుతుంది. కింద మిగిలినవాడి కాళ్ళ కింది గట్టు తెర దాటిపోతుంది, వాడు చచ్చిపోతాడు. వాణ్ణి ఏ శత్రువూ కొట్టలేదు. జతగాడి తొందరే వాడి ప్రాణం తీసింది. బావది ఎప్పుడూ తొందరే. ఆ మొదటి సాయంత్రం నా మూడు లైఫుల్లో రెండు బావ ఎగిరిన ఎగుర్లకే పోయాయి. "ఆగు బావా" అని నేను అరవడం, "నువ్వు రావేటి" అని వాడు అరవడం. అరగంట అయిపోయింది. గడియారం చూసి యజమాని స్విచ్ కట్టేశాడు.

ఇంటికి పోతూ దారి పొడవునా దెబ్బలాడుకున్నాం. మర్నాడు మళ్ళీ వెళ్ళాం. ఆ వేసవిలో మా మేనత్త కూరగాయలకి ఇచ్చిన చిల్లర ఎంత అటు పోయిందో ఆవిడకి తెలియనిది కాదు. సెలవులు ముగిసే లోపల మాకొక పద్ధతి కుదిరింది. ఎగిరేవాడు ఎగరబోయే ముందు "పోతన్నా" అనాలి. కిందవాడు "వచ్చేశా" అన్నాకే ఎగరాలి. పోతన్నా, వచ్చేశా. పోతన్నా, వచ్చేశా. అలా ఆ జలపాతం పై అంచు దాకా ఎక్కిన రోజు కొట్లో ఉన్న పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

ముప్ఫై లైఫులు ఇచ్చే మంత్రం మాకు ఆ తర్వాతి ఏడాది తెలిసింది. పై పై, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. కొనామి కంపెనీలో పనిచేసే కజుహిసా హషిమోతో 1986లో గ్రేడియస్ అనే ఆటను సరిచూస్తూ, అది తనకే మరీ కష్టంగా ఉందని ఆ మీటల వరసను లోపల పెట్టాడు. పెట్టింది తీయకుండానే ఆట బజారుకి వచ్చింది. తర్వాత అదే వరస కాంట్రాలోకీ వచ్చింది. ఆయన 2020లో పోయారని చదివిన రోజు, మా లెక్కల పుస్తకం వెనక అట్ట మీద పెన్సిలుతో రాసుకున్న బాణం గుర్తులు కళ్ళ ముందు మెదిలాయి.

ఆ తర్వాత నా బతుకులో ఆటలు మారాయి, పెట్టెలు మారాయి. శ్రీకాకుళంలో డిగ్రీ చదివేటప్పుడు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లలో వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్. నోకియా ఫోనులో పాము. అవన్నీ చెబుతూ కూర్చోను. ఇప్పుడు నేను ఉండేది శ్రీకాకుళంలో, ఉద్యోగం విజయనగరంలో. పొద్దున్నే ఆమదాలవలస వెళ్ళి రైలెక్కుతాను. పొందూరు, సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల, ఆ తర్వాత విజయనగరం. సంచిలో అన్నం క్యారేజీ, దాని పక్కన గుడ్డలో చుట్టిన నింటెండో స్విచ్. రైల్లో సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది కనక నెట్ అక్కర్లేని ఆటలే ఆడుకుంటాను.

రెండేళ్ళ కింద ఒక పొద్దున టెట్రిస్ ఆడుతున్నాను. పైనుంచి రకరకాల ఆకారాల్లో ఇటుకలు పడుతుంటాయి. వాటిని తిప్పి, సందుల్లేకుండా పేర్చాలి. ఒక వరస నిండితే అది మాయమవుతుంది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ దీన్ని తయారుచేసినప్పుడు ఆయన దగ్గరున్న కంప్యూటరుకి బొమ్మలు గీయడమే రాదు. బ్రాకెట్ గుర్తులు పక్కపక్కన పెట్టి వాటినే ఇటుకలనుకోమన్నాడు. మన జాతరల్లో, తీర్థాల్లో ఒకప్పుడు బ్రిక్ గేమ్ అని అమ్మిన చేతి బొమ్మల్లో ఉన్నదీ ఇదే.

పొందూరులో ఒక మామ్మ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. ఒళ్ళో ఖాళీ గంప. కాసేపు చూసి, "ఏటి బావూ అది? ఇందాకటినుండి పేరుస్తన్నావు" అంది. చెప్పాను. "ఇటుకలే?" అంది. ఆవిడ, వాళ్ళాయన హైదరాబాదులో పదిహేనేళ్ళు బిల్డింగు పనుల్లో ఇటుకలు మోశారట. చేతికిచ్చాను. మొదటి ఆట గబుక్కున అయిపోయింది. రెండో ఆటలో మీట ఏది తిప్పుతుందో, ఏది దించుతుందో వేళ్ళకి తెలిసింది. మూడో ఆటకి ఆవిడ కుడి పక్క చివర ఒక నిలువు సందు ఖాళీగా వదిలి, మిగతాదంతా నింపుకుంటూ వచ్చింది. "అది నింపరా మామ్మా?" అంటే, "పొడుగ్గుంటాది సూడు, ఆ ముక్క దానికే. అది వచ్చీదాకా ఆగాల" అంది. ఆటలో ఆరితేరినవాళ్ళు నేర్పే కిటుకు అది. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పొడుగు ముక్క వచ్చింది, దించింది. నాలుగు వరసలు ఒక్కసారి మాయమయ్యాయి. నాకు సంతోషంతో చప్పట్లు కొట్టాలనిపించింది. ఆవిడ మాత్రం తెర వైపు అలాగే చూసి, "మరి నిండిందల్లా మాయమైపోతే కట్టినోడికి మిగిలిందేటి బావూ?" అంది.

చీపురుపల్లిలో దిగిపోయింది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. పెద్ద పెద్ద మేడలు కట్టి, గంప పట్టుకుని ఊరికి తిరిగొచ్చిన మనిషి అడిగిన ప్రశ్న అది. టెట్రిస్ గురించి నేను చదివిన రాతలు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కడా ఈ ప్రశ్న కనబడలేదు.

సెలవు రోజుల్లో నేను బండేసుకుని తిరుగుతాను. ఇది కూడా ఆటల వల్ల పట్టిన అలవాటే అని నమ్ముతాను. మారియో, జెల్డా ఆటల సృష్టికర్త షిగెరు మియామొతో క్యోటో దగ్గర సొనొబె అనే పల్లెపట్టున పెరిగాడు. చిన్నప్పుడు కొండల్లో తిరుగుతుంటే ఒక గుహ కనబడిందట. లాంతరు పట్టుకుని అందులోకి వెళ్ళాడట. ఆ భయం, ఆ ఆనందం ఇంట్లో కూర్చున్న పిల్లలకి కూడా అందాలని 1986లో జెల్డా చేశాడు. అంటే నడకలోంచి ఆట పుట్టింది. నాకు ఆటలోంచి నడక పుట్టింది. బాట కనబడితే చివరిదాకా పోవడం, గోడ ఉంటే దాని వెనక ఏముందో చూడడం, ఎత్తు కనబడితే ఎక్కడం.

శాలిహుండం మీలో చాలామంది చూసే ఉంటారు. వంశధార ఒడ్డున కొండ, పైన బౌద్ధ స్తూపాల శిథిలాలు. ఈ రోజుల్లో పెద్ద ఆటల్లో ఒక పద్ధతి ఉంది. ఎత్తైన చోటికి ఎక్కితే, అప్పటిదాకా చీకటిగా ఉన్న పటం చుట్టూ తెరుచుకుంటుంది, ఏ ఊరు ఎక్కడో తెలుస్తుంది. మా అబ్బాయిని మొదటిసారి శాలిహుండం తీసుకెళ్ళినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. పైకి ఎక్కి తిరిగి చూస్తే కింద నది, వరి చేలు, నది పోయి పోయి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే చోటు. వాడు చెయ్యి చాచి, "నాన్నా, మ్యాప్ ఓపెనైంది" అన్నాడు. ఇంతకంటే మంచి మాట నాకు కూడా దొరకదు.

పక్షుల్ని చూడ్డానికి తేలినీలాపురం వెళ్ళినప్పుడు చప్పుడు చేయకుండా నడవడం వాడికి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు పిల్లల్ని సాకుతుంటాయి. ఎండుటాకు మీద కాలు పడకుండా, నీడలోంచి నీడలోకి వాడు పోతుంటే, ఇది ఏ ఆటలో నేర్చుకున్నాడో నాకు తెలిసిపోయింది. బొబ్బిలి కోటకు వెళ్ళిన రోజు మాత్రం వాడి ప్రశ్నకి మనసు చివుక్కుమంది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు విజయరామరాజు సేన కోటను చుట్టుముట్టిన సంగతి, తాండ్ర పాపారాయుడు ఆ తర్వాత గుడారంలో దూరి విజయరామరాజును చంపిన సంగతి చెప్పాను. విన్నాడు. "దీని మీద గేమ్ లేదా?" అన్నాడు. నాకు తెలిసి లేదు. పూణెలో కొద్దిమంది కలిసి 2020లో రాజీ అనే ఆట తెచ్చారు. అందులో మన దేవతలు, మన కోటలు ఉన్నాయి. బుర్రకథ చెప్పేవాళ్ళు బొబ్బిలిని నిలబెట్టారు, సినిమా నిలబెట్టింది. గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్న వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడిని ఒక ఆటలో చూడాలని నాకెంత కోరికో చెప్పలేను. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో, విజయనగరం కాలేజీల్లోనో చదువుతున్న పిల్లలు ఎవరైనా ఈ మాట వింటుంటే, మీ చేతుల్లోంచే అది రావాలి అని అడుగుతున్నాను.

ఇక తిత్లీ గురించి చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా అప్ప గారి ఊరు ఉద్దానంలో. కొబ్బరి, జీడి, పనస, తరాలుగా పెంచిన తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. నేను నాలుగో రోజు మంచినీళ్ళ డబ్బాలు, కొవ్వొత్తులు తీసుకుని వెళ్ళగలిగాను. ఊళ్ళో కరెంటు లేదు. స్తంభాలే లేవు. ఆ ఏడాదే పబ్జీ అనే ఫోను ఆట వచ్చింది. మా మేనల్లుడు, మరో ముగ్గురు కలిసి రాత్రుళ్ళు ఆడుతున్నారని మా అప్ప ఫోనులో ఏడ్చినంత పని చేసేది. నేను వెళ్ళేసరికి ఆ నలుగురూ దారికి అడ్డం పడిన చెట్లు నరుకుతున్నారు. ఒకడు తీగలు చూసి "ఇటు రావద్దు" అని కేకేస్తున్నాడు, ఇద్దరు గొడ్డళ్ళతో ఉన్నారు, ఒకడు కొమ్మలు లాగుతున్నాడు. ఎవడు ఎక్కడుండాలో వాళ్ళకి మాటలతో పని లేదు. మధ్యాహ్నం పెరట్లో సగం వేళ్ళు పైకి లేచి ఒరిగిపోయిన ఓ లేత కొబ్బరి మొక్కను నలుగురూ పట్టి లేపుతూ, మట్టి కప్పి తొక్కుతూ, కర్ర ఊతం కడుతూ కనబడ్డారు. "ఏం చేస్తున్నార్రా?" అన్నాను. మా మేనల్లుడు చెమట తుడుచుకుని, "రివైవ్ చేస్తన్నాం మావా" అన్నాడు.

ఆ ఆటలో దెబ్బ తిని పడిపోయిన జతగాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పది సెకన్లు కదలకుండా ఉంటే అతను లేస్తాడు. ఆ పది సెకన్లూ శత్రువు నిన్ను కాల్చవచ్చు. అయినా కూర్చోవాలి. దాన్నే రివైవ్ అంటారు. ఆ రాత్రి ఫోన్లన్నీ చచ్చిపోయి ఉంటే, బడి గచ్చు మీద బొగ్గుతో గీతలు గీసి, గులకరాళ్ళు, చింతపిక్కలు పెట్టి ఆ నలుగురూ పులి-మేక ఆడారు. నేర్పింది వాళ్ళలో ఒకడి తాత. పులి వైపు ఎప్పుడూ ఆయనే.

2020 సెప్టెంబరు 2న పబ్జీని మన ప్రభుత్వం నిషేధించింది. మరుసటి ఏడు వేరే పేరుతో తిరిగి వచ్చింది. ఆ చర్చలోకి నేను పోను. కానీ ఒక మాట చాలా బాధతో చెప్పాలి. ఆట పేరు పెట్టుకుని డబ్బు పందెం కాయించేవి వేరు. మా వీధిలో ఒక కుర్రాడు ఫోనులో పేకాటకి అలవాటు పడ్డాడు. తండ్రి కష్టార్జితం పోయింది, తల్లి మెళ్ళో పుస్తెలతాడు పోయింది. వాడు ఇప్పటికీ ఎవరి ముఖమూ చూసి మాట్లాడలేడు. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటివాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు ఆటలను వేరు చేసి నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను ఆటగా గుర్తించింది. ఆ గీత గీయడం అవసరం. ఇంట్లో ఆ గీత గీయాల్సింది తల్లిదండ్రులు. దానికి నాకు తెలిసిన దారి ఒకటే. పిల్లాడు ఏం ఆడుతున్నాడో గుమ్మంలో నిలబడి అడిగితే తెలియదు. పక్కన కూర్చుని రెండో జాయ్‌స్టిక్ చేతిలోకి తీసుకోవాలి.

మా బావ సంగతి మధ్యలో వదిలేశాను. బావ వెల్డింగ్ నేర్చుకుని పదిహేడేళ్ళ కింద దుబాయ్ వెళ్ళాడు. సెలవు రోజున అక్కడి గదిలోంచి వాడు, విజయనగరంలో మా చెల్లి, శ్రీకాకుళంలో నేను, ఫోనులో లూడో ఆడతాం. మా చెల్లినే వాడికిచ్చి చేశాం. లూడో అంటే మన అష్టాచెమ్మాకి దగ్గర చుట్టమే. కరోనా రోజుల్లో వాడు రెండేళ్ళు రాలేకపోయినప్పుడు ఆ పాచికల చప్పుడే మాకు ఇంటి చప్పుడు. చెల్లి కాయని వాడు ఇప్పటిదాకా చంపలేదు.

పోయిన పెద్దపండగకి వచ్చాడు. నా దగ్గర ఒక పాత డబ్బా టీవీ ఉంది. పల్చటి కొత్త టీవీ ఉండగా అదెందుకని మా ఆవిడ అడుగుతుంటుంది. బాతుల్ని కాల్చే డక్ హంట్ ఆట తుపాకి కోసం. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, వెంటనే బాతు ఉన్నచోట మాత్రమే తెల్లటి చదరం వెలుగుతుంది. తుపాకి కొసనున్న కన్ను ఆ నలుపును, దాని వెనకే ఆ తెలుపును చూస్తేనే బాతు పడుతుంది. బల్బుకి గురిపెట్టి మోసం చేద్దామంటే కుదరదు. కొత్త టీవీలు బొమ్మను ఒక త్రుటి ఆలస్యంగా చూపిస్తాయి, ఆ త్రుటిలో లెక్క తప్పిపోతుంది. ఆ టీవీ బాగుచేసే మెకానిక్కులు శ్రీకాకుళంలో ఇంకా ఇద్దరు మిగిలారు.

కనుమ నాడు మధ్యాహ్నం, గారెలు తిన్నాక, బావ ఆ టీవీ ముందు చాప మీద కూర్చున్నాడు. జుట్టు నెరిసింది. వెల్డింగ్ నిప్పురవ్వలు పడిన మచ్చలు రెండు చేతుల మీదా. ఎర్ర పేంటు వాడిదే. నీలం పేంటు జాయ్‌స్టిక్ నేను మా అబ్బాయికి ఇచ్చి వెనక కూర్చున్నాను. మొదటి స్టేజీ అయింది, రెండోది అయింది. జలపాతం వచ్చింది. మా అబ్బాయి ఒక గట్టు దగ్గర తడబడ్డాడు. పైనుంచి రాళ్ళు దొర్లుతున్నాయి. ఎర్ర పేంటువాడు పైగట్టు మీద ఉన్నాడు. ఇంకొక్క ఎగురు ఎగిరితే చాలు. నేను ఊపిరి బిగబట్టాను. బావ బొటనవేలు మీట మీద ఉంది గానీ నొక్కలేదు. రాళ్ళు రెండు వాడి పక్కనించే పోయాయి. బావ తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అన్నాడు, "రారా అల్లుడూ. నువ్వు వచ్చేశా అన్నాకే పోతాను."